మాయ: శ్రీకూర్మం నుండి మాయగుంట దాకా

మాయ అన్న రెండక్షరాల మాటను మనం రోజూ వాడుతూనే ఉంటాం. జేబులో డబ్బు మాయమవుతుంది. మాయమాటలు చెప్పేవాడు తారసపడతాడు. పొరుగింటి పిల్లవాడికేదో మాయరోగం పట్టిందంటాం. వేదాంతంలో జగత్తునంతటినీ కప్పగలిగిన మాట జేబుదొంగ పనికి కూడా ఎలా సరిపోయింది?

ఋగ్వేదంలో మాయ అంటే దేవతల అద్భుతశక్తి, నిర్మాణ కౌశలం. ఆ శక్తే అసురుల చేతిలో వంచన అయింది. అద్వైతులు దానిని, ఉన్న ఒక్క బ్రహ్మమును జగత్తుగా తోపింపజేసే శక్తి అన్నారు. తెలుగులో దీని పక్కన మరొక పాయ ఉంది. అది ‘మాయు’ అనే దేశ్యక్రియ. గాయం మాయడం, మాయని మచ్చ అందులోనివే. అరవంలోనూ ‘మాయ్’ అంటే నశించు, అంతరించు అని అర్థం. సంస్కృతపు మాయలో లేనిది కనబడటం ముఖ్యం. మనం ‘మాయమైంది’ అన్నప్పుడు ఉన్నది కనబడకపోవటం ముఖ్యం. రెండు పాయలూ మన నోట కలిసిపోయినట్లు నాకు తోస్తుంది.

ఈ మాటపై జరిగిన పెద్ద వాదానికి కళింగదేశంతో సంబంధముంది. శ్రీకాకుళానికి చేరువలోని శ్రీకూర్మం ఆలయంలో 1281 నాటి నరహరితీర్థుల శాసనం ఉన్నది. ఆయన మధ్వాచార్యుల శిష్యులు, గాంగరాజుల కాలంలో కళింగ పాలనాభారం వహించినవారు. శాసనం గురువైన ఆనందతీర్థులను స్తుతిస్తుంది. ‘మాయావాదఖండనం’ రచించినది ఆ గురువే. ఆయన మతంలో జగత్తు సత్యం. జీవుల సుఖదుఃఖాలూ సత్యాలే.

ఆరు శతాబ్దాల తరువాత అదే ప్రాంతంలో, వేదాంతం ఊసు లేకుండా, మరొకరు ఈ మాటకు పరీక్ష పెట్టారు. ఆయన గురజాడ అప్పారావు. విజయనగరంలో 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెంచిన రూపంలో వెలువడిన ‘కన్యాశుల్కం’లో ముసలి లుబ్ధావధానులు కొనుక్కున్న పెళ్ళికూతురు నిజానికి ఆడవేషం కట్టిన కుర్రవాడు, కరటకశాస్త్రి శిష్యుడు. ఆ పెళ్ళికూతురికి ‘మాయగుంట’ అన్న పేరు స్థిరపడింది. గుంట అంటే ఉత్తరాంధ్ర పలుకుబడిలో పిల్ల.

మన శశిరేఖా పరిణయం కథలోనూ మాయపెళ్ళికూతురుంది. అక్కడ ఘటోత్కచుడి రాక్షసమాయ కావలసివచ్చింది. గురజాడకు చీర ఒక్కటీ చాలింది. పెళ్ళికూతురు కనబడకపోగానే పూజారి గవరయ్య అది పిశాచమంటాడు, బుడ్డిలో బంధించానంటాడు. చూసేవారికి బుడ్డి ఖాళీగానే కనబడుతుంది. అయినా నమ్మకం నిండుగానే ఉంటుంది.

నవ్వుకుంటూనే మొదటి కూర్పుకు గురజాడ ఆంగ్లంలో వ్రాసిన పీఠికను తెరిస్తే నవ్వు ఆగిపోతుంది. నాటి విశాఖపట్టణం జిల్లాలో (నేటి విజయనగరం అందులోనిదే) మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్కవివాహాలకు మహారాజు ఒక జాబితా తయారుచేయించారు. లెక్క 1034కు చేరింది. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుండి 400 రూపాయలు.

నాటకంలో ఆడవేషం కట్టిన కుర్రవాడు దయ్యమయ్యాడు. బయట నిజంగా అమ్ముడైన పసిబిడ్డలు ఎవరి కంటా పడలేదు. లేనిది కనబడటం, ఉన్నది కనబడకపోవటం. మాయకున్న రెండు అర్థాలూ ఇక్కడ ఒకే ఊరిలో, ఒకే కాలంలో పక్కపక్కనే నిలిచాయి. గురజాడ మాయను ఖండిస్తూ గ్రంథం వ్రాయలేదు. ఒక వేషం వేయించారు, ఒక లెక్క ముందుంచారు.

మాయ అన్న మాట అందమైనదే. దాన్ని కవులకు వదిలివేద్దాం. ఎవరిదైనా దుఃఖం కళ్ళెదుట ఉన్నప్పుడు మాత్రం, అంతా మాయ అనేవారి చేతిలోని బుడ్డిని ఒకసారి వెలుగుకెత్తి చూడటం మంచిది.