అసింక్రోనస్ సాకెట్ లైబ్రరీలు

ఒకే థ్రెడ్‌లో నడిచే ప్రోగ్రాం వందల, వేల నెట్‌వర్క్ కనెక్షన్లను ఏకకాలంలో చూసుకోవడానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేర్‌ను అసింక్రోనస్ సాకెట్ లైబ్రరీ అంటారు. వెబ్, చాట్ సర్వర్ల తయారీలోనూ, వాటితో మాట్లాడే క్లయింట్ల తయారీలోనూ దీన్ని వాడతారు.

నేపథ్యం

నెట్‌వర్క్ కనెక్షన్‌లో ప్రోగ్రాం వాడే కొసలైన సాకెట్లు 1983లో బర్క్‌లీ విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో వ్యాప్తిలోకి వచ్చాయి. మామూలు సాకెట్ నుంచి చదవబోతే, అవతలి నుంచి డేటా వచ్చేదాకా ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. క్లయింటుకో థ్రెడ్ కేటాయిస్తే ఆ చిక్కు తీరుతుంది కానీ, క్లయింట్లు పెరిగేకొద్దీ మెమరీ ఖర్చు పెరుగుతుంది. 4.2 బీఎస్‌డీలోనే ఉన్న ‘సెలెక్ట్’ అనే సిస్టమ్ కాల్ మరో దారి చూపింది. ఏయే సాకెట్లు సిద్ధంగా ఉన్నాయో ఒక్క పిలుపుతో అది చెబుతుంది.

పనితీరు

లైబ్రరీ గుండెకాయ ఈవెంట్ లూప్. సిద్ధమైన సాకెట్లను అది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను అడిగి తెలుసుకుని, ఒక్కోదానికి సంబంధించిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. పెద్ద ఫైలు పంపేటప్పుడు కెర్నెల్ ఒకేసారి మొత్తం తీసుకోకపోవచ్చు. మిగిలిన బైట్లను లైబ్రరీ బఫర్‌లో దాచి, సాకెట్‌లో చోటు దొరకగానే పంపుతుంది. ఏ ఫంక్షన్ అయినా సుదీర్ఘమైన లెక్కల్లో పడితే మాత్రం తక్కిన క్లయింట్లన్నీ ఆగిపోతాయి. ఈ పద్ధతిలో ప్రధానమైన జాగ్రత్త ఇదే.

పరిణామం

శామ్ రషింగ్ రాసిన మెడూసా అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచి పుట్టిన అసింకోర్ లైబ్రరీ 1999లో పైథాన్ 1.5.2లో చేరింది. ఒక్క యంత్రంతో పదివేల క్లయింట్లకు సేవలందించడం ఎలాగన్న ‘సి10కె’ సమస్యను డాన్ కెగెల్ అదే ఏడాది చర్చకు పెట్టారు. సెలెక్ట్ ప్రతిసారీ జాబితా మొత్తాన్నీ వెతుకుతుంది. పైగా లినక్స్‌లో దాని మామూలు పరిమితి 1,024 సాకెట్లే. ఈ లోపాలను ఫ్రీబీఎస్‌డీలో కెక్యూ (2000), లినక్స్‌లో ఈపోల్ (2002) తీర్చాయి. వాటి బలంతో ఎన్జిన్‌ఎక్స్ (2004), నోడ్.జెఎస్ (2009) ఎదిగాయి. 2014లో పైథాన్ 3.4లో అసింక్‌ఐఓ లైబ్రరీ వచ్చింది. 2023లో విడుదలైన పైథాన్ 3.12 నుంచి అసింకోర్‌ను తొలగించారు.

కటవారియా సరాయ్‌లో

సాకెట్ల పాఠం విద్యార్థులకూ అవసరమే. దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్ ఐఐటీ ఢిల్లీకి పొరుగునే ఉంటుంది. 1986లో మొదలైన ఎర్నెట్ అనే విద్యా పరిశోధన నెట్‌వర్క్‌లో ఐఐటీ ఢిల్లీ తొలి భాగస్వాముల్లో ఒకటి. దేశంలో ఇంటర్నెట్‌కు పునాది వేసిన ప్రయత్నాల్లో అది ముఖ్యమైనది. ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష అయిన గేట్ శిక్షణకు వచ్చే విద్యార్థులు కటవారియా సరాయ్‌లో అద్దె గదుల్లో ఉంటారు. కంప్యూటర్ సైన్స్ గేట్ సిలబస్‌లో టీసీపీ, యూడీపీలతోపాటు సాకెట్లూ ఉన్నాయి. వాటిని పుస్తకంలో చదివి వదిలేయనక్కర్లేదు. సర్వర్‌నూ క్లయింట్‌నూ ఒకే ల్యాప్‌టాప్‌లో 127.0.0.1 చిరునామాపై నడిపి చూడవచ్చు.

ప్రాధాన్యం

2019లో లినక్స్ 5.1తో వచ్చిన ఐఓ యూరింగ్, సాకెట్ సిద్ధమైందని కాక, అప్పగించిన పనే పూర్తయిందని చెబుతుంది. విండోస్‌లో ఇలాంటి పద్ధతి 1990ల నుంచే ఉంది. లైబ్రరీలు పాతబడి పక్కకు తప్పుకున్నా, ఎదురుచూసే సమయాన్ని వృథా చేయకూడదన్న సూత్రం మారలేదు. అందుకే నేర్చుకునేవారు ముందు సెలెక్ట్‌తో వచ్చినదాన్నే తిరిగి పంపే చిన్న ఎకో సర్వర్ రాసి, ఆ తర్వాత అసింక్‌ఐఓకు వెళ్లడం మేలు. లూప్ ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.