‘కన్వర్షన్’ అను మాట - కపోతేశ్వరుని ఆలయము

మాది నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు ప్రాంతమునకు చెందిన చేజర్ల. దూరమునుండి వచ్చువారు మా ఊరిపేరు వినగానే "కపోతేశ్వరస్వామి ఆలయమెక్కడ?" అని అడుగుట కద్దు. ఆ స్వామి వెలసినది పల్నాడు జిల్లా నకరికల్లు మండలములోని మరియొక చేజర్లలో. పేరొకటే, ఊళ్ళు రెండు. ఒకే పేరు రెండు వస్తువులను సూచించినప్పుడు కలుగు భ్రాంతి ఇట్టిది. ఆ ఆలయచరిత్రలో ఒక ఆంగ్లపదము వలన ఇంతకంటె గంభీరమైన భ్రాంతి కలిగినది.

ఆ పదము ‘కన్వర్షన్’. అక్కడి గర్భాలయము ఇటుకకట్టడము. వెనుకభాగము అర్ధవృత్తాకారము, పైకప్పు బండిగూడు వలె వంగియుండును. బౌద్ధచైత్యగృహముల రూపమిదే. కావున ఇది క్రీస్తుశకము 3, 4 శతాబ్దుల నాటి చైత్యమనియు, పిమ్మట శివాలయముగా ‘కన్వర్ట్’ అయినదనియు పురాతత్త్వజ్ఞులు పలువురు వ్రాసిరి.

ఈ పదమునకు లాటిన్ మూలములో ‘పూర్తిగా త్రిప్పుట’ యని అర్థము. మనిషి మతము మారినను కన్వర్షనే, రూపాయలు డాలర్లైనను కన్వర్షనే, పొలమును ఇళ్ళస్థలముగా మార్చుకొనినను కన్వర్షనే. ఏది పోయినది, ఏది నిలిచినది అను వివేకము ఈ మాటలో లేదు.

మన శాస్త్రము ఆ వివేకము చేసినది. వార్ష్యాయణి మతమును ఉదహరించుచు యాస్కమహర్షి నిరుక్తములో ఆరు భావవికారములను చెప్పెను: పుట్టుట, ఉండుట, విపరిణమించుట, పెరుగుట, తరుగుట, నశించుట. వీనిలో మూడవదానికి ఆయన చెప్పిన లక్షణము ముఖ్యము. స్వతత్త్వమునుండి జారిపోని వస్తువునందలి మార్పే విపరిణామము. పచ్చికాయ పండైనను మామిడియే కదా!

మరి చేజర్ల ఆలయమునకు ఏ పదము తగును? కేవలము ఆకారమును బట్టి అది చైత్యమే యని నిశ్చయింపజాలము. మన శిల్పశాస్త్రములలో ఈ ఆకారమునకు గజపృష్ఠమని పేరు. గుడిమల్లము పరశురామేశ్వరాలయము అట్టిదే. ఇక్ష్వాకురాజైన ఎహువల శాంతమూలుని కాలమున నాగార్జునకొండలో వెలసిన పుష్పభద్రస్వామి ఆలయమును అట్టిదే. కథను బట్టియు నిశ్చయింపజాలము. పావురమును కాచుటకు తన మాంసమునే కోసియిచ్చిన శిబి మహాభారతమున అరణ్యపర్వములో ఉన్నాడు, నాగార్జునకొండ బౌద్ధశిల్పములలోను ఉన్నాడు. ఆకారము, కథ రెండును ఉభయులకు ఉమ్మడి సొత్తు.

ఒకవేళ అది చైత్యమే యైనచో, నావంటి అర్చకుడు వెంటనే ‘ఇది విపరిణామమే, పూజాస్థానము పూజాస్థానముగానే నిలిచినది’ అని తృప్తి చెందును. ఆ మాట నాకు సుఖము నిచ్చుచున్నది. సుఖము నిచ్చుచున్నది గనుకనే దానిని పరీక్షింపవలెను. ఆ గృహమునకు తత్త్వమేది? గోడలా, పూజయా, పూజింపబడు స్తూపమా? స్తూపమును సేవించుటకు వచ్చిన భిక్షువునకు స్తూపము కనబడనినాడు జరిగినది మూడవ వికారము కాదు, ఆరవది. ఒకే ఘటన నిలిచియున్నవానికి విపరిణామము, వెడలిపోయినవానికి వినాశము. ‘కన్వర్షన్’ అను పదము ఈ ఇరువురి అనుభవములను ఒక్క మూటలో కట్టివేయుచున్నది. దానికి బదులుగా ‘విపరిణామ’మని మాత్రమే అనుట ఆ మూటకు మరియొక ముడి వేయుటయే.

కావున చరిత్ర వ్రాయువారు ‘మారినది’ యని ఊరకొనక, ఏమి నిలిచెనో, ఏమి నశించెనో, ఎవరికి నశించెనో విడివిడిగా చెప్పవలెను. కపోతేశ్వరుని కథయే ఇందుకు ప్రమాణము. శిబి పావురమును కాచెను. కాని డేగ ఆకలి అబద్ధమని ఎన్నడును అనలేదు. దానికి చెల్లవలసినది కూడ త్రాసులో పెట్టి తూచెను.