నీడ పోయినా పోని జబ్బు

క్యాన్సర్ అనుమానం వచ్చిందంటే రాయచోటిలో ఇంటిల్లిపాదీ ముందు తేల్చుకునేది ఎక్కడికి పోవాలన్నదే. గువ్వలచెరువు ఘాట్ మీదుగా కడపకా, తిరుపతి స్విమ్స్‌కా, రాయవేలూరు సీఎంసీకా? 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ రాయవేలూరు ఆస్పత్రి మీద సీమ జనానికి తరాల నమ్మకం. ఎక్కడికి పోయినా డాక్టరును అడిగే మాట ఒక్కటే: మనిషి దక్కుతుందా?

ఈ ప్రశ్నకు రక్తపరీక్షనూ స్కాన్‌నూ కలిపి చూసి జవాబు చెప్పే పద్ధతి ఒక్క రోజులో రాలేదు. అందులో ముఖ్యమైన మలుపు ఒక తెలుగువాడి కృషితో ముడిపడి ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో అది ప్రపంచమంతటా ల్యాబుల్లో పాతుకుపోయింది. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడు మందులు తయారుచేసింది. వాటిలో ఒకటైన ఎమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ కోరియోకార్సినోమాకు వాడారు. ఇది మాయలోని కణాల నుంచి పుట్టే క్యాన్సర్. ఊపిరితిత్తులకు త్వరగా పాకుతుంది. మందు పడ్డాక ఎక్స్‌రేలో గడ్డల నీడలు మాయమయ్యాయి. అందరూ జబ్బు పోయిందనుకున్నారు.

లీ మాత్రం ఒప్పుకోలేదు. ఈ గడ్డలు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను వదులుతాయి. నెల తప్పినప్పుడు ఇంట్లో చేసుకునే మూత్ర పరీక్ష పట్టేదీ దాన్నే. ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా ఆ హార్మోన్ ఇంకా కొద్దిగా కనిపిస్తోంది. అది పూర్తిగా పోయేదాకా ఆయన మందు ఆపలేదు. కనిపించని జబ్బుకు ఇంత విషమెక్కిస్తారా అని పై అధికారులు తప్పుబట్టారు. లీ ఉద్యోగం పోయింది.

కాలం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. మందు ముందే ఆపేసినవాళ్లలో జబ్బు తిరగబెట్టింది. హార్మోన్ పోయేదాకా మందు తీసుకున్నవాళ్లు నిలిచారు. 1972లో లీ, హెర్ట్జ్‌లకు లాస్కర్ పురస్కారం దక్కింది.

అక్కడి నుంచి పరీక్షలు జబ్బు పేరు చెప్పడంతో ఆగకుండా, దాని నడకను కూడా చెప్పసాగాయి. ఈ మాయ క్యాన్సర్‌కు స్త్రీవైద్యుల అంతర్జాతీయ సమాఖ్య (ఫిగో) 2000లో ఖరారు చేసిన లెక్క చూడండి: హెచ్‌సీజీ ఎంత, గడ్డ సైజెంత, ఎక్కడెక్కడికి పాకింది వంటి 8 అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 లేదా అంతకు తక్కువ ఉంటే సాధారణంగా ఒక్క మందుతో మొదలు. 7 లేదా అంతకు మించితే నాలుగైదు మందులు కలిపి ఇస్తారు. లింఫ్ గ్రంథుల క్యాన్సరైన లింఫోమాకు 1993 నుంచి వాడుతున్న సూచికలో రక్తంలోని ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ ఒక అంశం. ఇప్పుడు చికిత్స మధ్యలో పెట్ స్కాన్ తీసి, గడ్డ ఇంకా ఎంత చురుగ్గా ఉందో 1 నుంచి 5 వరకు అంచెలు కట్టి చూస్తున్నారు.

సీమకు ఈ వైద్యం దగ్గరవుతోంది. తిరుపతిలో టీటీడీ స్థలంలో టాటా ట్రస్టులు కట్టించిన క్యాన్సర్ ఆస్పత్రి 2022 మేలో మొదలైంది. అయితే దూరం తగ్గినంత మాత్రాన సరిపోదు. మాయ బుడగల్లా పెరిగి, ఒక్కోసారి ఈ క్యాన్సర్‌కు దారితీసే ముత్యాల గర్భం తీయించుకున్న ఆడమనిషికి హెచ్‌సీజీ మామూలుకు వచ్చేదాకా వారం వారం రక్తం తీయాలి. ఒంట్లో బాగానే ఉంది కదా అని కూలిపని వదులుకోలేక ఆమె రెండు వారాలు పరీక్ష మానేస్తే, పెరుగుతున్న అంకె ఎవరి కంటా పడదు. అందుకే ఆ రక్తం రాయచోటిలోనే తీసి, ఫలితం తిరుపతి డాక్టరుకు చేరే ఏర్పాటు ఉండాలి. జబ్బు క్యాన్సర్‌గా మారి మెథోట్రెక్సేట్ మొదలైతే, అంకె మామూలుకు వచ్చాక కూడా మరో రెండు మూడు విడతలు మందు ఇవ్వాలన్నది నేటి నియమం.