రెండవ ద్వారము

ఇల్లందు నేలలో రాక్షసిబొగ్గు కలదని 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ కనుగొనెను. తరువాత గనిలో దిగిన మన ప్రాంతపు వారందరకు ఒక ధర్మము తెలియును: గనికి ఒక్క దారి చాలదు.

ఈ ధర్మమును లోకము ప్రాణములు పోగొట్టుకొని నేర్చినది. 1862లో ఇంగ్లండునందలి హార్ట్లీ గనికి గల ఒకే బావిలో యంత్రపు దూలము విరిగిపడి, దారి పూడిపోయి, 204 మంది మరణించిరి. ఆ యేడే ప్రతి బొగ్గుగనికి రెండు దారు లుండవలెనని శాసనమయ్యెను.

పాఠశాలల విషయమున మనము మేల్కొనుట ఆలస్యమయ్యెను. 2004 జూలై 16న కుంభకోణములో వంటయింటి నిప్పు ఆకుల కప్పున కంటుకొని 94 మంది పిల్లలు ఆహుతియైరి. 2009లో సుప్రీముకోర్టు పాఠశాలలలో అగ్నిరక్షణ తప్పనిసరి యని తీర్పు చెప్పెను.

మన ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలలలో పిల్లలు చదువుటయే కాదు, నిద్రింతురు కూడ. పెద్ద మరమ్మతులు సెలవులలో చేయవలెను: రెండవ మెట్లదారి కట్టవలెను, వంటశాలను పడకగదులకు దూరము చేయవలెను. పిల్లలుండగా పని సాగినను, ఉన్న దారిని మూయరాదు.

మీ మనుమని చూడబోయినపుడు వార్డెనును అడుగుడు: రెండవ ద్వార మెక్కడ? రాత్రి దాని తాళముచెవి ఎవరియొద్ద నుండును?