తుఫాను ఉప్పెన నమూనా

తుఫాను గాలి, వాయుపీడనం కలిసి సముద్రాన్ని తీరం మీదికి ఎంత ఎత్తున నెడతాయో సమీకరణాలతో ముందే లెక్కగట్టే పద్ధతి. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు లేచేది దాదాపు ఒక సెంటీమీటరే. అసలు పని గాలిది, లోతు తక్కువైన తీరానిది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఇలాంటి ఉప్పెనే.

హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాడే అడ్‌సర్క్ నమూనాలో సముద్రమంతా త్రిభుజాల వల: నడిసంద్రంలో పెద్దవి, ఒడ్డు దగ్గర చిన్నవి. తుఫాను దారి అంచనా తప్పితే ఎంత నిక్కమైన లెక్కయినా వేరే ఊరికి పోతుంది.

గోదావరి డెల్టాలో చిక్కు మరీ ఎక్కువ. నేల చదును, కొల్లేరు సరస్సు నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలవాలి. తీరానికి దూరంగా ఉన్న అత్తిలి ఊరి వైపు ముప్పు వానతోనే: సముద్రం పోటెత్తితే వాన నీటిని మురుగు కాలువలు లాగవు, వరిచేలు మునుగుతాయి. అందుకు వాన, కాలువల లెక్కలనూ నమూనాకు జతచేయాలి.