పట్టాలకు ఉత్తరాన ఉన్న పల్లెలు

భిలాయి కథను ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న కుదిరిన భారత–సోవియట్ ఒప్పందంతో మొదలుపెట్టడం అందరికీ అలవాటు. నాకు మాత్రం అంతకు ముందున్న నేల గురించే ఎక్కువ చెప్పాలనిపిస్తుంది. శివనాథ్, ఖారున్ నదుల నడుమ చదునైన మైదానం, ఎడంఎడంగా ఊళ్లు, వాటికి చెరువులు. భిలాయి అప్పటికి ఒక పల్లె. నేటి వైశాలి నగర్ కాలనీ చుట్టుపక్కల వినిపించే సుపేలా, కోహ్కా, కురుద్ కూడా అలాంటివే.

ఛత్తీస్‌గఢ్ రైతు నేలను చూసి పేరు పెడతాడు. నల్లమట్టి కన్హార్, పసుపు ఛాయ నేల మటాసీ, గులకరాళ్ల ఎర్ర మెట్ట భాటా. మెట్ట మీద పశువులు మేసేవి, పల్లంలో వరి పండేది. ఇక్కడ నాట్లకన్నా వెదజల్లే సేద్యమే ఎక్కువ. పైరు కాస్త ఎదిగి, మడిలో వాననీరు నిలిచాక, ఆ పైరులోనే నాగలి తోలతారు. కొత్తగా చూసేవాళ్లకు పంట తొక్కేస్తున్నట్టే ఉంటుంది. కానీ దాంతో కలుపు అణుగుతుంది, ఒత్తుగా మొలిచిన చోట పలచబడుతుంది, మిగిలిన మొక్క బాగా పిలకలేస్తుంది. దీని పేరు బియాసీ. సమయానికి వాన పడకపోతే బియాసీ లేదు, గింజా తగ్గిపోతుంది.

అందుకే 1921లో పూర్తయిన తాందులా జలాశయం ఈ దుర్గ్ ప్రాంతపు రైతుకు పెద్ద అండ. ఆ నీరే తర్వాత ఉక్కు కర్మాగారాన్నీ ఇక్కడికి రప్పించింది. దక్షిణాన రాజ్‌హరా ఇనుప ఖనిజం, ఉత్తరాన నందిని సున్నపురాయి, పక్కనే హౌరా–ముంబై రైలు మార్గం తోడయ్యాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు.

పట్టాలకు దక్షిణాన చెట్ల నీడలో కర్మాగారం ఉద్యోగుల క్వార్టర్లతో సెక్టార్లు వెలిశాయి. ఉత్తరాన జీఈ (గ్రేట్ ఈస్టర్న్) రోడ్డు వైపు నిర్మాణ కూలీల గుడిసెలు పడ్డాయి. క్యాంప్ 1, క్యాంప్ 2 అన్న పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. క్వార్టర్ దొరకనివారు, రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినవారు, చిన్న వ్యాపారులు ఈ పల్లెల పొలాల్లోనే ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలు మార్గం ఉత్తరాంధ్రకు ఈ దారి ముందే తెరిచి ఉంచింది.

నియోజకవర్గాల పునర్విభజన తర్వాత, 2008 ఎన్నికల్లో వైశాలి నగర్ శాసనసభ స్థానంగా తొలిసారి ఓటు వేసింది. పటం మీదికి ఎక్కింది కాలనీ పేరు. దాని కింద ఉన్నవి కోహ్కా, కురుద్ రైతుల మడులు.