విడిదిలో వేన్నీళ్ళు (పినపాక ప్రాంతం)

చలికాలంలో ఎడ్లబండిలోనో ట్రాక్టరు ట్రాలీలోనో ప్రయాణించి, అడవి అంచున విడిది చేసేవారు స్నానానికి నీరు కాచుకొనే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. పినపాక భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన మండలం. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా ఏర్పడేవరకు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది.

నేపథ్యం

గోదావరి, దట్టమైన అడవి కలిసిన ఈ ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజాములు చాలా చల్లగా ఉంటాయి. విడిది చేయవలసిన సందర్భాలలో ముఖ్యమైనది ములుగు జిల్లా మేడారంలో రెండేళ్ళకొకసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర. ఇది మాఘ పౌర్ణమి రోజులలో వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుండి, 2026లో జనవరి 28 నుండి నాలుగు రోజులు జరిగింది. పూర్వం ఎడ్లబండ్లు కట్టుకొని వెళ్ళేవారు. తరువాత ట్రాలీపై వెదురు బద్దలు వంచి, టార్పాలిను కప్పి, లోపల గడ్డి పరచి అందులోనే నిద్రించడం వాడుకయింది. జంపన్న వాగులో మొక్కు స్నానం చన్నీళ్ళతోనే జరుగుతుంది. వేన్నీళ్ళ అవసరం ప్రధానంగా పసిపిల్లలకు, వృద్ధులకు, బాలింతలకు.

మూడు రాళ్ళ పొయ్యి

వాగు ఇసుకలో చెలిమె తీసి, తేటపడిన నీటిని తోడుకొని, మూడు రాళ్ళపై గిన్నె పెట్టి కాచడం అన్నిటికన్న పాత పద్ధతి. మసి సులభంగా పోవడానికి గిన్నె అడుగున ముందే తడిమట్టి పూస్తారు.

ఒకరి స్నానానికి 15 లీటర్ల నీరు చాలు. 18 డిగ్రీల సెల్సియస్ నీటిని 40 డిగ్రీలకు తేవడానికి సుమారు 1,380 కిలోజౌళ్ళ వేడి కావాలి. కిలో ఎండుకట్టెలో దాదాపు 15,000 కిలోజౌళ్ళ శక్తి ఉన్నా, ఆరుబయటి పొయ్యిలో అందులో పదోవంతు కన్న కొంచెం ఎక్కువే గిన్నెకు చేరుతుంది. మిగిలినది గాలిపాలు. కనుక మనిషికి కిలోకు కొంచెం తక్కువ కట్టె పడుతుంది. గాలి వచ్చే వైపు తడక నిలిపి, గిన్నెపై మూత పెడితే కట్టె ఆదా అవుతుంది. పచ్చికట్టెలో వేడి కొంతవరకు దానిలోని తేమను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది.

పెద్ద కాగు లేనివారు నీరంతా కాచనవసరం లేదు. 4 లీటర్లు మరిగించి 11 లీటర్ల చన్నీళ్ళలో కలిపితే 40 డిగ్రీల నీరు సిద్ధమవుతుంది. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అనే సామెత లోకంలో సంపాదన గురించి వాడుతున్నా, దాని పుట్టుక ఈ లెక్కలోనే ఉన్నట్టు తోస్తుంది. బక్కెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, తరువాతే మరిగిన నీరు కలపాలి. పిల్లలు చేయి పెట్టినా కాలకుండా ఉండడానికి ఈ వరుస అవసరం.

ఇతర పద్ధతులు

1,500 వాట్ల హీటరు కడ్డీ ఇదే పని పావుగంటలో చేస్తుంది. కాని ట్రాక్టరు బ్యాటరీతో దానిని నడపడం సాధ్యం కాదు. 12 వోల్టుల వద్ద అంత శక్తికి 125 ఆంపియర్ల విద్యుత్తు కావాలి. కరెంటు ఉన్నచోట కూడా స్విచ్చి ఆపి, కడ్డీని పైకి తీసిన తరువాతే నీటిని ముట్టుకోవాలి. నల్లని డబ్బాలో నీరు నింపి ఎండలో ఉంచితే మధ్యాహ్నానికి గోరువెచ్చనవుతుంది. తెల్లవారుజాము స్నానానికి మాత్రం ఇది పనికిరాదు.

ప్రమాదాలు

నీరు కాగిన తరువాత మిగిలిన నిప్పులను కుంపటిలోకి ఎత్తి, చలికి ట్రాలీ లోపల పెట్టుకోవడం ప్రాణాంతకం. టార్పాలిను నాలుగు వైపులా దించినచోట బొగ్గుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడు నిలిచిపోతుంది. దానికి రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిను ప్రాణవాయువు కన్న చాలా గట్టిగా దానితో కలిసిపోతుంది కాబట్టి నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే మరణించవచ్చు. పొగ లేదు కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. లోపల తలనొప్పి, వికారం కలిగితే వెంటనే అందరినీ బయటికి తేవాలి.

మేడారం ఏటూరునాగారం అభయారణ్యం పరిధిలోనిది. ఆ రోజులకు టేకు ఆకు రాలి ఎండి ఉంటుంది. పొయ్యి చుట్టూ ఆకు ఊడ్చి, కదిలేముందు నిప్పుపై నీరు పోసి, బూడిద చేతికి చల్లగా తగిలేవరకు చూడాలి.

భూమి కాచిన నీరు

పొయ్యి లేకుండా వేన్నీళ్ళు దొరికే చోట్లు కూడా ఈ గోదావరి లోయలో ఉన్నాయి. భద్రాచలానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలోని గుండాలలో నది ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. చలికాలంలో త్రిమూర్తులు ఇక్కడ స్నానం చేస్తారని భక్తుల నమ్మకం. ఈ గ్రామం 2014లో ఆంధ్ర ప్రదేశ్‌లో కలిసింది. పినపాకకు పొరుగున ఉన్న మణుగూరు మండలం పగిడేరులో బోరుబావి నుండి వేడినీరు దానంతట అదే పైకి ఉబికి వస్తుంది. ఆ వేడితో తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే ద్రవాన్ని ఆవిరి చేసి విద్యుత్తు తీయడానికి సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది.